మేత సంచిలో బొమ్మలు

ఇల్లు చిందరవందరగా ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. అది మంచి గుణమేనని చాలా ఏళ్లు అనుకున్నాను. చూసినవాళ్లు కూడా అలాగే అనేవారు. రొయ్యల గుంటల మధ్య ఉండి కూడా ఇల్లు అద్దంలా పెట్టుకుంటుందని మా ఆయన తరఫు చుట్టాలు మెచ్చుకుంటే, పైకి ఏమీ అనకపోయినా లోపల పొంగిపోయేదాన్ని.

మాది తోటపల్లి గూడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా ఇంటికి మూడు వైపులా గుంటలే. ఉన్నవి రెండు గదులు, ముందు గదికి పక్కనే రేకుల వసారా. వసారాలో మా ఆయన రొయ్యల మేత బస్తాలు పేర్చుకుంటాడు. ముందు గదిలో నా కుట్టు మిషను, మా అత్త మంచం, మా నాలుగేళ్ల కూతురి బొమ్మలు. ఈ మూడింటిలో ఎక్కువ చోటు ఆక్రమించింది బొమ్మలే. మంచం కింద వంట సామాన్లు, మిషను కింద జంతువులు, గడప మీద కార్లు. రోజుకు పదిసార్లు ఎత్తేదాన్ని, పదకొండోసారి అరిచేదాన్ని.

ఒకరోజు తెల్లవారుజామున మా అత్త నీళ్లు తాగడానికి లేచి, చీకట్లో చిన్న కారు మీద కాలు పెట్టింది. కారు ముందుకు జారింది, ఆమె వెనక్కి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చాక కూడా ఆమె మనవరాలిని ఒక్క మాట అనలేదు. నన్నూ అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఈసారి మణికట్టు, ఇంకోసారి తుంటి అయితే ఎవరు చూస్తారు? దీపం పెట్టే వేళకు నేల మీద ఒక్క బొమ్మ కూడా ఉండకూడదని ఆ రోజే పట్టు పట్టాను.

బొమ్మలు పెట్టడానికి ఏదైనా కొందామని నెల్లూరు వెళ్లాను. అంగట్లో గంటసేపు నిలబడ్డాను. ప్లాస్టిక్ సొరుగుల బీరువా బాగానే ఉంది కానీ, మా పిల్ల అన్ని సొరుగులూ లాగి వాటిని మెట్లు చేసుకుని ఎక్కడం, అది మీద పడడం నాకు కళ్ల ముందే కనిపించింది. మూత ఉన్న పెట్టె చూస్తే మూత కింద నలిగిన వేళ్లు కనిపించాయి. వెదురు బుట్టకు పుల్లలు లేచి ఉన్నాయి. దేన్ని చూసినా నాకు దెబ్బే కనిపిస్తోంది. "అన్నీ చూసేసినారక్కా, ఏదో ఒకటి తీసుకోండి" అని అంగడి ఆయన విసుక్కున్నాడు. ఏమీ కొనకుండానే బస్సెక్కాను.

దారిలో తట్టింది, మేత సంచులు ఉన్నాయి కదా అని. మా వైపు ఖాళీ మేత సంచిని పారేసే ఇల్లు ఉండదు. వాన వస్తే తల మీద కప్పుకుంటాం, గుమ్మంలో వేసి కాళ్లు తుడుచుకుంటాం, కోళ్ల గూటికి అడ్డం కడతాం. గట్టివి, త్వరగా చిరగవు. మూడు సంచులు తీసి సబ్బు పెట్టి ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరవేశాను. మూడూ కలిపి ఒక పెద్ద సంచి కుట్టాను. నోటి చుట్టూ పాత చీర అంచు వేశాను. దానికి మూత లేదు, మొన లేదు, మీద పడేంత బరువు లేదు. వసారా తలుపు పక్కన మూలకు నిలబెట్టి బొమ్మలన్నీ అందులో వేస్తే గది రెండింతలైనట్టు అనిపించింది. ఇంత తెలివి దుకాణాల వాళ్లకు లేదనుకున్నాను.

వెంకటాచలంలోని తన ఇంటి నుంచి మా అక్క వచ్చింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని బట్ట ఎలుగుబంటిని చేతిలోకి తీసుకోగానే ముక్కు ముడిచింది.

"ఏమే, ఈ బొమ్మలేంది, రొయ్యల మేత వాసన కొడతా ఉండాయి?"

"ఏ వాసనా లేదక్కా. ఉతికి ఎండబెట్టినాను."

"నీకు తెలీదులే. ఎప్పుడూ ఇందులోనే ఉంటావు గదా. నీ చీరలు గూడా అట్టానే ఉంటాయి."

ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. "అంత వాసన పడని దానివి రాకుండా ఉండు" అన్నాను. మా అక్క టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక ఆ ఎలుగుబంటిని ముక్కుకు ఆనించుకుని చూశాను. ఏ వాసనా రాలేదు. మేతలో ఎండు చేపల పొడి ఉంటుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ వాసనకు నాకు అన్నం సహించేది కాదు. ఎప్పుడు రావడం మానేసిందో గుర్తు లేదు. ఆ సంగతి అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. అక్క మీద కోపమే మిగిలింది.

తరువాతి వారం ఎలుగుబంటి చెవి కొరికి ఉంది. పిల్లే కొరికిందని తిట్టాను. సంచి దగ్గర నల్లటి గింజల్లాంటివి రెండు మూడు కనిపిస్తే ఊడ్చేశాను. వసారాలో మేత ఉన్నాక ఎలుకలు తిరగకుండా ఉంటాయా అనుకున్నాను గానీ, అవి తలుపు దాటి ఎందుకు వస్తున్నాయో ఆలోచించలేదు.

ఆ తరువాత ఒక సాయంత్రం బొమ్మలు సర్దమంటే మా పిల్ల కదల్లేదు.

"అమ్మా, సంచిలో ఎవురో ఉండారు."

"ఎవురుండారు?"

"తెలీదు. కదులుతా ఉండారు."

"సర్దమంటే చాలు, యాడ లేని కతలూ వస్తాయి నీకు" అన్నాను. పిల్ల బొమ్మలు తెచ్చి వేసింది.

మరుసటి రోజు చేతిని గౌనుకు తుడుచుకుంటూ వచ్చింది. "చల్లగా తగిలిందమ్మా. మెత్తగా" అంది. తడి బంతి వేసి ఉంటుందనుకున్నాను. తడి బొమ్మలు సంచిలో వేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అని కసిరాను.

మూడో రోజు పెళ్లివారి జాకెట్లు ఇవ్వాల్సి ఉండి నేను మిషను మీద నుంచి లేవలేదు. దీపం వేళయింది. బొమ్మలన్నీ నేల మీదే ఉన్నాయి. మా అత్త మంచం మీద కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సర్దు అన్నాను. పిల్ల దూరంగా నిలబడి ఒక్కొక్క బొమ్మనే సంచిలోకి విసరడం మొదలుపెట్టింది. సగం బయటే పడ్డాయి. నాకు అది పొగరులా కనిపించింది. లేచి వెళ్లి వీపు మీద ఒక్కటి వేశాను.

"దగ్గరికి పోయి చెయ్యి పెట్టి సర్దు."

"నేను పోను. వాళ్లు ఉండారు."

నేను చేసిన పని ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి సాగడం లేదు. పిల్ల మణికట్టు పట్టుకుని సంచి దగ్గరికి లాక్కెళ్లాను. "చూడు, ఎవురుండారో చూడు" అంటూ దాని చేతిని సంచి నోట్లోకి దించాను. పిల్ల ఏడవలేదు. కళ్లు మూసుకుంది.

"అమ్మాయ్, ఆగు." మా అత్త గొంతు పెంచలేదు. "ఆ సంచి ఊపిరి పీలుస్తా ఉండాది."

చూశాను. సంచి కింది భాగం ఒక పక్కకు ఉబ్బి, మెల్లగా తగ్గింది. మళ్లీ ఉబ్బింది. లోపలి నుంచి బుస వినిపించింది. పిల్ల చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది, మోచేతి దాకా లోపలే ఉంది. ఎలా లాగానో గుర్తు లేదు. పిల్లతో సహా వెనక్కి వచ్చి మంచానికి కొట్టుకున్నాను. అత్త ఎడమ చేత్తోనే పిల్లను పైకి లాక్కుంది. నేనూ ఎక్కాను. ముగ్గురం మంచం మీదే ఉన్నాం. వీధి తలుపుకు వెళ్లాలంటే సంచి పక్క నుంచే వెళ్లాలి. ఫోను మిషను మీద ఉంది. చెయ్యి చాచి అందుకుని మా ఆయనకు చేశాను. ఫోను అత్త తీసుకుని చెప్పింది.

ఆయన గుంట మీద నుంచి వచ్చేలోపు పిల్ల చేతిని వేలు వేలునా చూశాను. వేళ్ల మధ్య, అరచేతి గీతల్లో, మోచేతి కింద వెతికాను. ఎక్కడా గాటు లేదు. ఒకసారి చూసింది చాలదని మళ్లీ మొదటి నుంచి చూశాను. నిన్న కూడా ముట్టుకుంది కదా అని గుర్తొచ్చి రెండో చెయ్యి కూడా పట్టుకుని చూశాను.

మా ఆయనతో పాటు గుంట కాపలా ఉండే పెద్దాయన వచ్చాడు. పెద్దాయన ఇంకో ఖాళీ మేత సంచిని కర్రతో మెల్లగా మా సంచి నోటి మీద కప్పి, తాడు బిగించి, దూరంగా పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. గుంట గట్టు మీద గుమ్మరించాడు. వంట సామాన్లు పడ్డాయి, కార్లు పడ్డాయి, చింపిన గుడ్డ పీలికలతో కట్టిన ఎలుక గూడు పడింది. ఆ తరువాత అది పడి, పడగ ఎత్తి, గడ్డిలోకి పోయింది.

"తాచేనమ్మా" అన్నాడు పెద్దాయన. "మేత వాసనకు ఎలకలొచ్చినాయి, ఎలకల వెనక ఇదొచ్చింది. ఎలక పిల్లల్ని తిని కదల్లేక పడుకోనుండాది. అందుకే బతికిపోయినారు."

మా ఆయన వసారాలోని బస్తాలన్నీ మరునాడే గుంట దగ్గరి షెడ్డుకు తరలించాడు. చెక్క పలకలతో, తలుపులు లేకుండా, వెనక గోడ కనిపించేలా అల్మారా ఒకటి చేయించాడు. దూరం నుంచి చూసినా ఏ అరలో ఏముందో తెలుస్తుంది. మా అక్కకు ఫోను చేసి జరిగింది చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఇప్పుడు మా పిల్ల చెప్పకుండానే బొమ్మలు సర్దుతుంది. కార్లు ఒక అరలో, జంతువులు ఒక అరలో పెట్టి, నేల మీద ఒక్కటీ మిగల్చదు. చూసినవాళ్లు బుద్ధిమంతురాలంటారు. నాకు ఆ మాట వింటే భయం వేస్తుంది.

మొన్న సాయంత్రం నేను కుడుతుంటే వచ్చి మిషను పక్కన నిలబడింది.

"ఏంది తల్లీ?"

"ఒకటి చెబుతా. కొట్టవు గదా?"

మిషను ఆపేశాను. కొట్టనన్నాను. అది నా మొహం వైపు చూడలేదు, నా చేతుల వైపు చూసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాక చెప్పింది.

"కడుపు నొస్తా ఉండాది."

ఎప్పటి నుంచి అని అడిగాను.

"పొద్దున్నుంచి."