రెండోసారి కొలవని చుక్క

మా పిన్ని ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, చుక్కలు కొలుస్తుందని చెప్పేదాన్ని. నవ్వేవారు. నిజం అదే మరి. ఆకాశాన్ని ఫొటో తీసిన గాజుపలకలు ఆమె గదికి వచ్చేవి. పగలంతా మైక్రోస్కోపు మీదికి వంగి, ఒక్కో చుక్క ఎక్కడుందో అంకెల్లో పైకి చదివేది. ఎదుట కూర్చున్నాయన రాసుకునేవాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని అంకెలాయన అనేవారు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ఒకసారి కొలిచాక పలకను తలకిందులుగా తిప్పి మళ్లీ కొలవాలి. ఎవరి కన్నయినా కాస్త ఒకవైపుకే మొగ్గుతుందట. తిప్పి చూస్తే ఆ మొగ్గు బయటపడుతుంది.

పిన్నికి ముప్పయ్యేళ్లప్పుడు, భూమి దారికి దగ్గరగా తిరిగే గ్రహశకలం ఒకటి కొత్తగా కనబడింది. దాని కక్ష్య తేలాలంటే కనీసం మూడు రోజుల పలకల మీద దాని చుక్క ఎక్కడుందో కొలవాలి. మూడో పలక కొలిచే రోజు ఉదయం అంకెలాయన పెన్నుకు మూత పెట్టి, "మనిద్దరం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందండీ?" అన్నాడు. ఆ మాటతో పిన్నికి కిటికీలోంచి పడ్డ ఎండ, బల్ల, గాజు, తన చేతులు, అన్నీ నీళ్లలో తేలుతున్నట్టున్నాయట. ఆ పరవశంలోనే చుక్కను కొలిచింది, అంకె చదివింది. పలక తిప్పడం మరిచిపోయింది.

సాయంత్రం గుర్తొచ్చి పరుగున వెళ్లి బీరువాలోంచి తీసింది. చేయి జారి పలక ముక్కలైంది.

తనే వెళ్లి ఆఫీసు పెద్దాయనతో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఒక్కసారే కొలిచిన ఆ అంకెను ఆయన కొట్టేశాడు. తర్వాత వరసగా మబ్బులు. కక్ష్య తేలలేదు, శకలం తప్పిపోయింది. "వద్దండీ, మనసు చెదిరితే పని చెడుతోంది" అని పిన్ని అంకెలాయనకు చెప్పేసింది. ఈ సంగతి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. రాయి పోతే పోయింది, మనిషిని కూడా పోగొట్టుకోవాలా?

అప్పట్నుంచి ఆమె ప్రతి తాళాన్నీ రెండుసార్లు లాగి చూసేది. రెండుసార్ల పిన్ని అని ఏడిపించేవాళ్లం. అంకెలాయన పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యేదాకా అదే బల్ల దగ్గర, ఆమె చదివింది రాసుకుంటూ ఉండిపోయాడు.

పిన్ని కూడా రిటైరయ్యాక, ఆ శకలం మళ్లీ భూమి దగ్గరికొచ్చింది. ఈసారి కక్ష్య చక్కగా తేలింది. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని వెనక్కి లెక్కకట్టి, ఆ పాత రోజున శకలం ఎక్కడ ఉండి ఉండాలో చూసింది. పాత రిజిస్టరులో కొట్టేసిన అంకెతో పోల్చింది. కాగితం పట్టుకుని, పిన్ని ఉంటున్న మా ఇంటికే వచ్చింది.

"అమ్మా, మీరు చదివిందే కరెక్టు! వెంట్రుకవాసి తేడా లేదు."

పిన్ని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఇన్నేళ్లూ ఎవరి కంటా పడకుండా సూర్యుడి చుట్టూ తన దారిన తాను తిరుగుతున్న ఆ రాయిని తలుచుకుందో ఏమో. తర్వాత అంకెలాయనకు ఫోన్ చేసింది.

"ఆ రోజు అంకె సరైందేనటండీ."

"నాకు తెలుసు."

"ఎలా తెలుసు? పలకే లేదు కదా!"

"చదివింది మీరు కదండీ."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే నమ్మేవారా?"

పిన్ని ఫోన్ చెవికి ఆనించుకునే వెక్కి వెక్కి ఏడ్చింది. అవతల ఆయన పెట్టెయ్యలేదు.