యాభై ఆరు డిగ్రీల నీళ్ళు

తార్నాకకు ఆ పేరు ఒకప్పటి తీగ కంచె, దాని దగ్గరి నాకా వల్ల వచ్చిందంటారు. ఎన్నో ఊళ్ళు తిరిగాను, కాపలా నాకా లేని ఊరు చూడలేదు. నెత్తురులోనూ నాకాలుంటాయని నాకు చెప్పినవాడు వీరస్వామి. తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయంలో ఒక ల్యాబులో ముప్ఫై ఒక్క ఏళ్ళు అటెండరు. చదివింది ఏడో తరగతి.

"నెత్తుర్ల రెండు తీర్లోళ్ళుంటరు సార్. యాంటీబాడీలు దొంగను గుర్తువట్టి ముద్రేస్తయి. కాంప్లిమెంటని ఇంకో గుంపు, ముద్ర చూసి వచ్చి పురుగు గోడకు బొక్క పెడతది. మొదటోళ్ళు వేడికి ఆగుతరు. రెండోళ్ళు ఆగరు."

అందుకే అక్కడికి ఏ సీరం, అంటే గడ్డకట్టిన నెత్తురు మీద తేరే తేట, వచ్చినా ముందు యాభై ఆరు డిగ్రీల నీళ్ళలో అరగంట ఉంచేవారు. కాంప్లిమెంటు చచ్చిపోతే తక్కిన పరీక్షలకు అడ్డురాదు. ఆ పని వీరస్వామిదే.

ఆయన మనవరాలు నిరోషకు తొమ్మిదో ఏట మెదడు పొరలకు వాపు వచ్చి తగ్గింది. ఏ క్రిమి వల్ల వచ్చిందో విని ఆ ల్యాబు ప్రొఫెసర్ విజయకుమారికి అనుమానం కలిగింది. కాంప్లిమెంటు లోపముంటే ఆ జబ్బు మళ్ళీ వస్తుంది, ముందే తెలిస్తే టీకాలతో చాలావరకు ఆపొచ్చు, ఒకసారి చూద్దామన్నారు. పిల్ల సీరం ఐసులో వచ్చింది. మేడమ్ క్లాసులో ఉన్నారు. వీరస్వామి చేయి అలవాటుగా దాన్ని వేడినీళ్ళలో పెట్టింది.

పరీక్షలో యాంటీబాడీ ముద్ర వేసిన గొర్రె రక్తకణాలు కలుపుతారు. కాంప్లిమెంటు ఉంటే కణాలు పగిలి, గొట్టం ఎర్ర షర్బతులా తేటపడుతుంది. నిరోష గొట్టంలో కణాలు చెక్కుచెదరకుండా అడుగుకు దిగిపోయాయి.

విషయం తెలిసి మేడమ్ నవ్వేశారు. "వేడి చేస్తే నా నెత్తురైనా ఇలాగే ఉంటుంది వీరస్వామీ. సోమవారం పిల్లను మళ్ళీ తీసుకురండి."

తన తప్పుకు పిల్లను మళ్ళీ సూదితో పొడిపించడమా అని ఆయనకు సిగ్గేసింది. కూతురు సుజాత అడిగితే, ఏం లేదు బిడ్డా, అంతా మంచిగున్నదన్నాడు. మేడమ్ రెండుసార్లు గుర్తుచేస్తే పిల్ల ఊరికి పోయిందన్నాడు. తరవాత రిటైరయ్యాడు. పెద్దమనుషుల అబద్ధాలు చాలా చూశాను కాని, ఇంత చిన్నది, ఇంత బరువైనది చూడలేదు.

రెండేళ్ళకు జ్వరం మళ్ళీ వచ్చింది. ప్రాణం దక్కింది, రెండు చెవులూ పోయాయి. ఈసారి ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని హబ్సిగూడలోని ఇంకో ల్యాబు దాకా ఆయనే తీసుకెళ్ళాడు. జవాబు సున్నా. అంటే పుట్టుకతోనే ఆ కాంప్లిమెంటు లేదు. మొదటి గొట్టం చూపింది నిజమే. వేడి మీదికి నెట్టి ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు టీకాలు వేశారు.

అడిక్‌మెట్‌లో వాళ్ళింట్లో చాయ్ ఇస్తూ సుజాత నాతో, "మా నాయిన ల్యాబుల చేసిండు కాబట్టే రోగం పేరన్న దొరికింది సార్" అంది. వీరస్వామి కప్పు కింద పెట్టేశాడు.

వీధి మలుపు దాకా నాతో వచ్చాడు. ఇదంతా ఆయన పేరు మార్చి రాస్తానన్నాను.

"వద్దు సార్. నా పేరే వెట్టు. సుజాత చదువుతది. నాకైతే నోరు రాలే."