తప్పు నాదే అనే అమ్మాయి

మందుల షాపులో పనిచేసే ఆ అమ్మాయికి ఇంట్లో ముద్దుపేరు బుజ్జి. ఆన్‌లైన్ ఆటలో మాత్రం ఆమె పేరు పిడుగు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివంటే వాళ్ళమ్మే నమ్మలేకపోయేది. స్కూలు యూనిఫారాలు కుట్టుకునే ఆవిడకి, పక్క గదిలో కూతురు చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని "వెనక్కి, వెనక్కి, గోడ చాటుకి!" అని అరుస్తుంటే ఒళ్ళు మండిపోయేది. ఆదివారాలు వచ్చే మేనమామ ఇంకో రెండాకులు ఎక్కువే చదివాడు. "ఈ ఆటలతో పిల్లలకి మంచీచెడ్డా తెలీకుండా పోతోందే అక్కా. కాలిస్తే చస్తారు, మళ్ళీ లేస్తారు. ఇదేం బుద్ధి నేర్పుతుంది?" అని ఉపన్యాసం దంచి, ఆ వెంటనే తన ఫోనులో పేకాట తెరిచేవాడు.

నిజానికి ఆట ఆమెకి ఒక బుద్ధి గట్టిగానే నేర్పింది. అయిదుగురు కలిసి కోటని కాచుకునే ఆట అది. వాళ్ళ జట్టు నాయకుడి ముఖం ఎవరూ చూడలేదు, గొంతు మాత్రం తెలుసు. అందరూ కెప్టెన్ అంటారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. పొరపాటు చేసినవాళ్ళు ఆ క్షణమే మైకులో "తప్పు నాదే" అని చెప్పేయాలి. నసుగుళ్ళు, సాకులు పనికిరావు. చెప్పేశాక మిగతావాళ్ళు పల్లెత్తు మాట అనకూడదు. "సరే, పదండి" అని ముందుకు సాగిపోవాలి. ఎవరిది తప్పని కీచులాడుకునే జట్లన్నీ ఓడిపోతుంటే వీళ్ళ జట్టు గెలుస్తూ వచ్చింది.

ఆ అలవాటు ఇంట్లోకీ పాకింది. పాలు పొంగిపోతే "తప్పు నాదే" అని కేక వేసి, బుజ్జి తన దారిన తను వెళ్ళిపోయేది.

"నీదైతే వచ్చి స్టవ్వు తుడు! చెప్పేసి పోతే పాలు వెనక్కొస్తాయా?" అని వాళ్ళమ్మ వెంటపడేది.

షాపులో పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ తప్పు జరగదు. జరిగినా కస్టమర్ ముందు జరగనట్టే. ఓనరుగారి సిద్ధాంతం అది. అందరూ అన్నా అని పిలిచే సీనియర్ సేల్స్‌మన్ ఈ విద్యలో ఆరితేరినవాడు. ఒక మందుకి బదులు ఇంకోటి వెళ్ళిపోతే, మర్నాడు వాళ్ళు వచ్చినప్పుడు "కొత్త స్టాకు వచ్చిందండీ, మార్చి ఇస్తాను" అని నవ్వుతూ మార్చేసేవాడు. వాళ్ళు సంతోషంగా థాంక్స్ కూడా చెప్పి వెళ్ళేవారు.

ఒకరోజు షాపు తెరవగానే, బస్సు నడిపి రిటైరైన పెద్దాయన వచ్చి భార్యకి షుగర్ మాత్రలు తీసుకెళ్ళాడు. జనం పలచబడ్డాక అరలు సర్దుతున్న బుజ్జి ఒక పెట్టె దగ్గర ఆగిపోయింది. ఆయనకి ఇవ్వాల్సిన తక్కువ డోసు పెట్టెకి సీలు కూడా తీయలేదు. దాని పక్కనే అదే రంగులో ఉన్న ఎక్కువ డోసు పెట్టెలో ఒక షీటు తగ్గింది.

"తప్పు నాదే!" అంది బుజ్జి. కౌంటరు ముందు నిలబడ్డ నలుగురూ తలెత్తి చూశారు. "పొద్దున తాతగారికి షుగర్ మాత్ర పెద్ద డోసు ఇచ్చేశాను."

ఓనరుగారి ముఖం మాడిపోయింది. "నెమ్మదిగా మాట్లాడు. రేపు వస్తాడుగా, మారుద్దాం."

"రేపటికి ఆవిడ ఉండాలి కదా సార్!"

పెద్దాయనకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఓనరు వైపు ఒకసారి చూసి, సీనియర్ అన్న గొంతు తగ్గించి చెప్పాడు. "వెనక వీధి. లాండ్రీ పైన మేడ." బుజ్జి ఒంటిమీది షాపు తెల్లకోటు కూడా విప్పకుండా పరుగెత్తింది.

తలుపు తీసే ఉంది. "మాత్ర మారిపోయింది తాతగారూ, తప్పు నాదే," అంటూనే లోపలికి వెళ్ళింది. మంచం మీద ఆవిడకి చెమటలు ధారగా కారుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. షుగర్ పడిపోయిందని బుజ్జికి అర్థమైంది. గుటక వేయగలుగుతోందని చూసుకుని, పంచదార నీళ్ళు కొద్దికొద్దిగా తాగించింది. లాండ్రీవాడి సాయంతో కిందికి దింపి, ఆటోలో ఆస్పత్రికి చేర్చారు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, ప్రాణానికి భయం లేదనీ, రేపటిదాకా ఉంచుకుంటామనీ చెప్పాడు. బుజ్జికి ఒళ్ళంతా తేలికయింది. బెంచీ మీద పెద్దాయన పక్కన కూర్చుంది.

"తప్పు నాదే తాతగారూ."

"ఇందాకే అన్నావుగా. విన్నాను."

ఇక ఆయన సరే అంటాడని ఆమె నిజంగానే ఎదురుచూసింది. ఆయన అనలేదు.

"పరిగెత్తుకుంటూ వచ్చావు. ఇంకొకళ్ళైతే కిక్కురుమనకుండా ఊరుకునేవాళ్ళు. అది కాదనను," అన్నాడు పెద్దాయన. "కానీ సరేలే పోనీ అని నేను అనలేనమ్మా. నా నోట రాదు."

ఇలాంటిది ఆమెకి ఎప్పుడూ ఎదురుకాలేదు. చెప్పాక ఏం చేయాలో కెప్టెన్ నేర్పలేదు. లేచి షాపుకి వెళ్ళిపోవచ్చు, వెళ్తే ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ అలా వెళ్తే చేతులు దులుపుకున్నట్టవుతుందని మొదటిసారి అనిపించింది. కూర్చుండిపోయింది.

"నేను రాకముందు ఏం జరిగింది తాతగారూ?"

 ఆయన తొందరలో కండువా మరిచిపోయి వచ్చిన మెడని అరచేత్తో తుడుచుకున్నాడు.

"చెమట తుడవబోతే నా చెయ్యి తోసేసింది. ఎవడివి నువ్వు, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చే వేళైంది, బయటికి పో అంది. నేనేనే అన్నాను. నమ్మలేదు. సరే అని బయటికెళ్ళి, తలుపేసి, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టు తలుపు కొట్టి మళ్ళీ లోపలికెళ్ళాను."

బుజ్జి ఆయన వైపు తిరిగింది.

"అప్పుడూ గుర్తుపట్టలేదమ్మా."

ఆమె ఈసారి తప్పు నాదే అనలేదు. రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దాయన ఓదార్చలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు.