అత్త కళ్ళు తెరిచిన ఫోటో

హార్డ్‌వేర్ షాపులో మరలూ మేకులూ సైజుల వారీగా సర్దే అతణ్ణి అందరూ నిదానం అని పిలుస్తారు. చిన్నప్పుడు డాక్టరు ఆటిజం అని చెప్పినప్పుడు వాళ్ళమ్మ ఏడ్చింది. మేనత్త మాత్రం, "ఉన్నదానికి పేరు దొరికింది, అంతేగా వదినా," అని అతణ్ణి తను నడిపే కంపెనీ బస్సులో ఎక్కించుకుని తిప్పింది.

పెద్దయ్యాక కెమెరా కొనుక్కుంటే, అమ్మ ఫోటోగ్రఫీ క్లాసులో చేర్పించింది. అక్కడ మాస్టారు వెలుతురు, వేగం, దూరం మూడూ ఒకే ఊపిరిలో చెప్పారు. మూడు కుళాయిలు ఒక్క గ్లాసులోకి తిప్పినట్టయింది. అతను లేచి ఇంటికొచ్చి టేబుల్ ఫ్యాను ముందు కూర్చున్నాడు. కెమెరాలో ఒక్క మీట కదిపేవాడు, ఒక ఫోటో తీసేవాడు. మిగతావి ముట్టుకునేవాడు కాదు. ఒక ఫోటోలో రెక్కలు పొగమంచులా కరిగాయి. ఇంకోదాంట్లో సగం నిద్రలేచాయి. మరోదాంట్లో, గాలే ఊపిరి బిగబట్టినట్టు, నిశ్చలంగా నిలబడ్డాయి. వాటిని వరసగా గోడకి అంటించి, చూసి చూసి నేర్చుకున్నాడు. అన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ చెమటలు కక్కారు.

"దాని మొహం కాస్త ఇటు తిప్పరా," అనేది అమ్మ. "అలిగిన ఆడబడుచులా ఎప్పుడూ అటే."

మనుషుల జోలికి మాత్రం పోలేదు. మొహాలకి మీటలుండవు. పైగా అవి తిరిగి చూస్తాయి.

అలాంటి సమయంలో అత్త లైసెన్సు గడువు ముంచుకొచ్చింది. కొత్తదానికి ఫోటో కావాలి. అత్తకి ఫోటో అంటే చాలు, కళ్ళు మూతపడతాయి. స్టూడియోలో తీయించినవి లైసెన్సు ఆఫీసువాళ్ళు రెండుసార్లు తిప్పికొట్టారు. శుక్రవారానికి లైసెన్సు రాకపోతే బస్సు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు మేనేజరు.

"నువ్వు తియ్యరా," అంది అత్త.

"నేను మనుషుల్ని తియ్యను."

"నేను మనిషినని ఎవరన్నారు? మీ మామయ్యనడుగు."

"నన్నిందులోకి లాగొద్దు," అన్నాడు మామయ్య పేపరు వెనకనుంచి.

కిటికీ పక్కన కుర్చీ వేసి తీశాడు. పొద్దున తీసినవాటిలోనూ మూసే ఉన్నాయి, మధ్యాహ్నం తీసినవాటిలోనూ మూసే ఉన్నాయి. "నిద్రమాత్రల ప్రకటనకైతే పనికొస్తాను," అంది అత్త. కానీ నవ్వు మొహంమీద నిలవలేదు. ఆ బస్సు లేకపోతే తనేమిటో ఆమెకి తెలియదు.

అతను ఫోటోలన్నీ నేలమీద పరిచి, బోర్లా పడుకుని చూశాడు. అతని చూపు చేతుల దగ్గర ఆగింది. పన్ను పీకించుకోబోయే మనిషి చేతుల్లా అవి ఒళ్ళో బిగుసుకుని ఉన్నాయి. ఎవరినీ సూటిగా చూడలేని అతను, అత్త కళ్ళని చిన్నప్పటినుంచీ బస్సు అద్దంలోనే చూశాడు. అక్కడ అవెప్పుడూ వెన్నెల్లో కిటికీల్లా తెరిచే ఉండేవి.

"అత్తా, బస్సు తాళాలు తీసుకో."

షెడ్డులో ఆగి ఉన్న బస్సులో అత్త స్టీరింగు పట్టుకుని కూర్చుంది. సీటు వెనక మామయ్య తెల్ల దుప్పటి ఎత్తి పట్టుకున్నాడు. నిదానం ముందద్దానికి వీపు ఆనించి, డ్యాష్‌బోర్డు మీద ముడుచుకున్నాడు.

"చేతులు పడిపోతున్నాయిరా," అంది దుప్పటి.

"కదిలితే మడతలొస్తాయి మామయ్యా."

రెడీ అనలేదు, నవ్వమనలేదు. ఊరికే ఉన్నాడు. చాలాసేపటికి అత్త ఎదురుచూడటం మర్చిపోయి, అలవాటుగా అతని భుజం మీదుగా బయటికి చూసింది. గేటు దగ్గర ఎవరో వెనక్కి చూడకుండా స్కూటరు వెనక్కి తోస్తున్నారు.

"చూసుకో నాయనా, చూసుకో," అని గొణిగింది. అతను నొక్కాడు.

ఆఫీసులో గుమాస్తా ఫోటోని చూసి, అత్తని చూసి, మళ్ళీ ఫోటోని చూసి, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు. "ఈవిడేంటండీ, నన్ను తప్పుకోమంటున్నట్టుంది," అంటూ ముద్ర వేశాడు.

వరండాలోకి వచ్చాక, మిగిలిన ఫోటో కాపీని అత్త వెలుగులో పట్టుకుంది. ఫోటోలో తన కళ్ళు చూసుకోవడం అదే మొదలు.

"ఒరే, ఇంత పెద్దవా నావి?"

"కళ్ళు బాగానే వచ్చాయి. ఎడమ చెవి మసగ్గా ఉంది. మళ్ళీ తియ్యాలి."

"లైసెన్సు వచ్చేసిందిగా."

"చెవి రాలేదుగా."

అత్త మామయ్య వైపు చూసింది. మామయ్య నిట్టూర్చి, వరండాలోనే చేతులు పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాడు.