ముట్టించని ఫర్నేస్

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. లాల్‌దర్వాజాలో మేం అద్దెకున్న ఇంట్లో వెనక గది మంచిది కాదనేవారు. ఆ గదిలోనే పడుకుని ఇంజనీరింగ్ పూర్తిచేశాను. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం వెనకాడాను.

కంచన్‌బాగ్ వైపు ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో పనిచేసేదాన్ని. బాగా వేడెక్కే యంత్రాల్లో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు చేసేవాళ్ళం. నాతోపాటు పనిచేసే నస్రీన్ నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. మామూలు సిలికాన్ డయోడ్ అంత వేడికి పనికిరాదని, సిలికాన్ కార్బైడ్ డయోడ్‌తో ఒక సెన్సర్ తయారుచేసింది. పద్ధతి సులువే. డయోడ్‌లోకి ఎప్పుడూ ఒకే కొద్దిపాటి కరెంటు పంపుతాం. వేడి పెరిగేకొద్దీ దాని మీద వోల్టేజీ తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి వేడి ఎంతో తెలుస్తుంది.

ఆ డయోడ్‌ను మా టెస్టింగ్ ఫర్నేస్ గోడలో బిగించింది. లోపల చల్లబడిందని అది చెప్పేదాకా అలారం మోగుతూనే ఉంటుంది. అలారం ఆగాకే తలుపు తియ్యాలి.

ఆ మధ్యాహ్నం కంపెనీని చూడటానికి పెద్దవాళ్ళెవరో వచ్చారు. నేను భోజనానికి వెళ్ళేటప్పుడు అలారం మోగుతోంది. నస్రీన్ నమాజుకు వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి అలారం ఆగి ఉంది. చల్లబడిందనుకుని తలుపు తీసింది. లోపల ఇంకా నిప్పులాంటి వేడి. మిగిలిన గ్యాస్ బయటి గాలి తగలగానే భగ్గుమని ఆమె మీదికి వచ్చింది.

నేను పరుగెత్తుకొచ్చి చూశాను. డయోడ్ వైరు కాలి తెగలేదు. ఎవరో పీకినట్టు ఊడి వేలాడుతోంది. వైరు ఊడితే వోల్టేజీ తగ్గదు కాబట్టి, చల్లబడినట్టే లెక్కకొచ్చి అలారం ఆగిపోతుంది.

విచారణలో అదే చెప్పాను. మా మేనేజర్ దామోదర్ మాత్రం, ఆ డయోడే తప్పు చూపించిందని, తను చేసినదాన్ని నమ్మి ఆ పిల్లే ప్రాణం మీదికి తెచ్చుకుందని చెప్పాడు. ఆయన మాటే నెగ్గింది. తప్పు నస్రీన్‌దని తేల్చారు.

ఆసుపత్రిలో ఆ సంగతి ఆమె చెవిన పడింది. ముఖమంతా కట్లు. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"వైరు ఎవరు గుంజిండ్రో నాకు తెలుసక్కా. నేనైతే మాఫ్ చెయ్య."

మర్నాడు చనిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఫర్నేస్ ముట్టించలేదు. మరమ్మతులయ్యాక, గోడలో మిగిలిన ఆ డయోడ్ పనిచేస్తుందో లేదో చూద్దామని మీటరుకు కలిపాను. గది వేడి ఎంతుందో అంతే చూపించింది. పొద్దున్నంతా అలాగే ఉంది.

ఫర్నేస్ ఉన్న గదిలోకి దామోదర్ రాగానే అంకె ఎక్కడం మొదలైంది. ఆయన బయటికి పోతే దిగింది. మళ్ళీ వస్తే మళ్ళీ ఎక్కింది. వైర్లు మార్చాను. మీటరు మార్చాను. కరెంటు సరిచూశాను. ఎందులోనూ తేడా లేదు. మా ఎలక్ట్రీషియన్ యాదగిరిని పిలిచి చూపించాను.

"ఏంది మేడం గిది? సారొస్తెనే ఎక్కుతుంది!" అన్నాడు యాదగిరి, మెల్లగా.

ఆ మాట దామోదర్ విన్నాడు. నవ్వాడు.

"చూసిండ్రా? నేను ముందే చెప్పిన. ఆ పిల్ల చేసిందే గిట్ల. ఫర్నేస్ ముట్టియ్యనే లేదు, ఇది కాలుతుందంటది!"

అంటూ కుడి అరచెయ్యి ఫర్నేస్ తలుపు మీద పెట్టాడు. అంతవరకూ నేను ఆ తలుపుకే ఆనుకుని నిలబడ్డాను. ఇనుము చల్లగా ఉంది.

దామోదర్ కేక పెట్టాడు. చెయ్యి వెనక్కి గుంజుకుంటున్నాడు, రావడం లేదు. తోలు కాలిన వాసన వచ్చింది. మీటరులో అంకె పైకి పోతూనే ఉంది.

"నేనే! వైరు నేనే గుంజిన! వచ్చినోళ్ళ ముంగట ఆ అలారం లొల్లి ఆగుతలేదని గుంజిన! ఇడువు నస్రీన్, ఇడువు!"

అప్పుడు చెయ్యి ఊడొచ్చింది. అరచెయ్యంతా బొబ్బలు. నేను వెంటనే తలుపు ముట్టి చూశాను. చల్లగానే ఉంది. యాదగిరి కూడా ముట్టి చూశాడు.

నిజం చెబుతున్నాను, నాకు జాలి కలగలేదు. ఆయన ఇంకాసేపు అరిస్తే బాగుండుననిపించింది.

మేమిద్దరం విన్నది విన్నట్టు యజమానులకు చెప్పాం. దామోదర్ కాదనలేదు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నస్రీన్ తప్పేమీ లేదని రాసిచ్చారు. ఆ కబురు చెప్పడానికి శాలిబండలో వాళ్ళింటికి వెళ్ళాను. నస్రీన్ వాళ్ళమ్మ కిటికీ దగ్గర కూర్చుని దుపట్టాకు అంచు కుడుతోంది. నేను చెప్పిందంతా తలెత్తకుండా వింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఏ చెయ్యి బేటా?" అంది.

"కుడి చెయ్యి, అమ్మీ."

సూది ఆగింది.

"ఒక్కటేనా?"

అవునన్నట్టు తలూపాను. ఆమె మళ్ళీ కుట్టుకోసాగింది.

ఆ వారంలోనే యాదగిరి ఫోన్ చేశాడు. దామోదర్ ఎడమ చెయ్యి కూడా కాలిందట. ఇంట్లో, అందరూ చూస్తుండగా, ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీసుకుంటుంటే.

మంచులాంటి సీసా మనిషి చేతిని ఎలా కాలుస్తుందో నేను చదివిన చదువుకు అందలేదు. ఇప్పటికీ అందదు. అమ్మీకి ఈ సంగతి చెప్పడానికి శాలిబండకు బయలుదేరాను కూడా. సగం దారిలోంచి వెనక్కి వచ్చేశాను. ఈసారి ఆమె ఇంకేం అడుగుతుందోనని భయమేసింది.