హెడ్మిస్ట్రెస్సు పెట్టని గుడ్డు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నన్ను ఏ బామ్మో అనుకుంటారు గానీ, నేను చెప్పబోయేది అయిదేళ్ల కిందటి మాటే. డిగ్రీ అయిపోయి, అద్దంకి దగ్గర మా ఊళ్లో నాయనమ్మ ఇంట్లో ఉంటూ, పోటీ పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెప్పి నవలలు చదువుకుంటున్న రోజులవి. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చచ్చేంత భయం. వాక్యం చదవమని పిలుస్తారేమోనని చర్చిలో ప్రతి ఆదివారం స్తంభం వెనకే కూర్చునేదాన్ని. డైరీ మాత్రం రోజూ రాసేదాన్ని. దాన్ని మనుషులెవరికీ చూపించలేదు గానీ, ఒకరికి చదివి వినిపించేదాన్ని. ఆవిడ మా కోడి.

నాయనమ్మకు ఆరు కోళ్లుండేవి. కోళ్లు పెంచడమంటే పొద్దున గంప ఎత్తడం, సాయంత్రం మూయడం అంతేగా అనేవాళ్లకు నాదొక నమస్కారం. ఒకటి గుడ్డు పెట్టిన సంగతి వీధి వీధంతా చాటేది, ఎక్కడ పెట్టిందో మాత్రం చెప్పేది కాదు. ఒకటి గుడ్లు లేకపోతేనేమని వంటింటి మూల ఉల్లిపాయల మీద కూర్చుని వారం రోజులు పొదిగింది. ఇంకొకటి గంపలోకి రానని చీకటి పడేవేళకు దడి ఎక్కి కూర్చునేది. నేను కింద నిలబడి "దిగండి, ప్లీజ్" అని బతిమాలేదాన్ని. (కోడిని 'అండీ' అన్నానని నాయనమ్మ ఊరంతా చెప్పుకుని నవ్వింది.) వీటన్నిటిలో నాది పొడల కోడి. మెడ పక్కకు వంచి, ఒంటికన్నుతో మనిషిని కిందనుంచి పైదాకా చూసి, ఏదో తప్పు కనిపెట్టినట్టు ముందుకు నడిచేది. అందుకే దానికి హెడ్మిస్ట్రెస్సు అని పేరు పెట్టాను. రోజూ నా గైడు పుస్తకాల అట్టపెట్టెలో గుడ్డు పెట్టేది. ఆ గైడ్లు ఎవరికైనా ఉపయోగపడ్డాయంటే దానికే.

మా వీధిలో మిరపకాయలు ఎండే కాలమంటే అందరూ తుమ్ముతూ పలకరించుకునే కాలం. పక్కింటి మైకు అత్తయ్య ఏడాది కారానికని తెప్పించుకున్న మిరపకాయలు ఇంటి ముందు పట్టా పరిచి ఎండబోసింది. మైకు అత్తయ్య అసలు పేరు ఊళ్లో చాలామందికి తెలియదు. ఆవిడ కూరగాయల బండిని పిలిస్తే పక్క వీధి బండి కూడా ఆగేది. ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక చేతిలో చీల్చిన మిరపకాయ, ఇంకో చేతిలో పొడల ఈక పట్టుకుని మా గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"పెద్దమ్మా! నీ కోడి నా ఏడాది కారం మీద కోలాటం ఆడుతోంది! గింజలన్నీ ఊడ్చుకుతింది!"

"వీధిలో పొడల కోళ్లు రెండున్నాయి. రెండోది నీదే" అంది నాయనమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"నా కోడి గుమ్మం దాటదు. పద్ధతిగా పెరిగింది."

"మాది పుస్తకాలు వింటూ పెరిగిందే!" (నా రహస్యం నాయనమ్మకు తెలుసని ఆ క్షణందాకా నాకు తెలియదు.)

మాటా మాటా పెరిగింది. చివరికి నాయనమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "మా కోడిదే తప్పని తేలితే ఆదివారం నా చేత్తో కోసి నీకు కోడి కూర పంపిస్తా."

"నా కోడిదని తేలితే నేనూ అంతే!"

ఎదురింటి సైన్సు మాస్టారు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఇదంతా వింటున్నారు. రిటైరై చాలాకాలం కావడంతో ఆయనకు ప్రయోగం చేసే అవకాశం ఏదైనా సరే. "దీనికి తగవెందుకమ్మా? ఎర్ర మిరపకాయలు తిన్న కోడి గుడ్డులో సొన ఎర్రబడుతుంది. రెండు కోళ్ల గుడ్లూ ఉడికించి సాయంత్రం నా అరుగు మీదికి తీసుకురండి, కోసి చూద్దాం" అన్నారు.

నేను గదిలోకి పరిగెత్తి డైరీ తెరిచాను. 'ఈరోజు హెడ్మిస్ట్రెస్సు గుడ్డులో సొన అస్తమించే సూర్యుడిలా ఉంది.' 'ఈరోజు మందారం రేకులా ఉంది.' 'నిన్నటికన్నా ఎరుపు. ఎంత అందం!' రెండు వారాలుగా ఇంత సాహిత్యం సృష్టించినదాన్ని, సొన ఎందుకు ఎర్రబడుతోందని ఒక్కసారైనా అనుకోలేదు. నా కోడి ఆదివారం కూరయిపోబోతోంది. దానికి సాక్ష్యం నా చేతిరాతలోనే ఉంది.

గుడ్డు ఉడికించే పని నాయనమ్మ నాకే అప్పజెప్పింది, 'ఇది నోరులేని పిల్ల, మోసం తెలీదు' అని. నేను వెనక దారిన కొట్టుకెళ్లి ఒక ఫారం గుడ్డు కొన్నాను. అది సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. మా కోడి గుడ్డు లేత గోధుమరంగు. ఆలోచించి ఆలోచించి, నాలుగు చెంచాల టీపొడి వేసి చిక్కటి డికాషన్ కాచి, ఫారం గుడ్డును అందులో ఉడికించాను. అసలు గుడ్డును ఏం చేయాలో తోచక, వేడివేడిగా ఒలిచి మొత్తం నోట్లో పెట్టుకుని మింగేశాను. నాలుక కాలి సాయంత్రందాకా మాట రాలేదు. ఆ తేడా ఎవరూ గమనించలేదు.

అరుగు మీద సగం వీధి చేరింది. మాస్టారు మా గుడ్డును అటూ ఇటూ తిప్పి, "నాటుకోడి గుడ్డుకి కాస్త పెద్దదే" అన్నారు. "మా తిండి అలాంటిది" అంది నాయనమ్మ గర్వంగా. ఆయన గుడ్డు వలిచి, దారంతో రెండుగా కోశారు. సొన పాలిపోయి ఉంది, జ్వరం నుంచి లేచినవాళ్ల మొహంలా. తర్వాత అత్తయ్య గుడ్డు కోశారు. కుంకుమ భరిణె తెరిచినట్టయింది.

వీధంతా 'హా' అంది. అత్తయ్య పళ్లెం తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

నేను గెలిచాను. కానీ ఆ తర్వాత రెండు రోజులూ పక్కింట్లోంచి చడీచప్పుడూ లేదు. కూరగాయల బండి ఎవరూ పిలవక మా వీధి దాటిపోయింది. శనివారం సాయంత్రం గోడమీంచి చూస్తే, అత్తయ్య తన పొడల కోడిని కాలికి తాడేసి గుంజకు కట్టి, దోసిట్లో జొన్నలు పోసి తినిపిస్తోంది. "తినవే తల్లీ, ఇంకొంచెం తిను" అంటోంది. ఆ గొంతు అంత మెల్లగా పలకగలదని నాకు తెలియదు.

నోటితో చెప్పడం నావల్ల కాలేదు. డికాషన్ సంగతి రాసిన పేజీ తెరిచి, డైరీని గోడమీంచి ఆవిడ చేతికిచ్చాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. చర్చిలో వాక్యం చదివేది అత్తయ్యే. మనసులో చదువుకోవడం ఆవిడకు చేతకాదు. పైగా పద్ధతి గల మనిషి కనక ఎడమవైపు పేజీ నుంచి మొదలుపెట్టింది.

"'మైకు అత్తయ్య ప్రార్థన చేస్తుంటే, దేవుడు కూడా కాస్త దూరం జరిగి కూర్చుంటాడేమో!'"

వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. మాస్టారు చేతిరుమాలుతో సహా వచ్చేశారు. అత్తయ్య నావైపు ఒకసారి చూసి, ఆపకుండా కుడివైపు పేజీలోకి దిగింది. ఫారం గుడ్డు, నాలుగు చెంచాల టీపొడి, కాలిన నాలుక, అన్నీ ఊరికి వినిపించాయి. "ఇంత టీపొడి తగలేశావా?" అని మా వాకిట్లోంచి నాయనమ్మ కేక.

"నాకు మైకని పేరు పెట్టింది నువ్వేనటే?" అంది అత్తయ్య.

"నేను కాదత్తయ్యా, ఊరు పెట్టింది. నేను రాశానంతే. మా కోడీ దొంగే. మీ కోడిని విప్పెయ్యండి." అప్పటికి అంతమంది ముందు నేను మాట్లాడిన అతి పెద్ద ఉపన్యాసం అదే.

ఇప్పుడు చిక్కేమిటంటే రెండు కోళ్లూ దోషులే, ఇద్దరూ మాటిచ్చినవాళ్లే. నాయనమ్మ హెడ్మిస్ట్రెస్సును చంకలో పెట్టుకుని వచ్చింది. అత్తయ్య తన కోడి తాడు విప్పి ఎత్తుకుంది.

"ముందు నువ్వు కొయ్యవే."

"అయ్యో, పెద్దవారు మీరుండగా నేనా? మీరే ముందు."

"మరేం పర్లేదు, నువ్వు కానియ్యి."

"మర్యాద కాదు పెద్దమ్మా."

పెళ్లి పంక్తిలో కూర్చోబెట్టుకుంటున్నట్టు ఇద్దరూ ఒకరినొకరు బతిమాలుకుంటుంటే, కోళ్లు విసుగెత్తి కిందికి దూకాయి. అందరి కళ్లముందే పక్కపక్కన నడుచుకుంటూ వెళ్లి, పట్టా ఎక్కి, చెరో మిరపకాయ చీల్చి గింజలు తినసాగాయి. (కోళ్లకు కారం తెలియదని మాస్టారు అప్పుడు చెప్పారు. వీధిలో కన్నీళ్లు కారుతున్నది మనుషులకే.)

ఆదివారం నాయనమ్మ పక్కింటికి గిన్నె పంపింది. మూత తీస్తే గుడ్ల పులుసు. "కోడి కూరన్నారుగా పెద్దమ్మా?" అని గోడవతల నుంచి మైకు మళ్లీ మోగింది. "అది కోడే! ఇంకా ఎదగలేదంతే!" అంది నాయనమ్మ. అత్తయ్య పట్టాకు వల కప్పింది. ఆ సాయంత్రం కూరగాయల బళ్లు రెండూ మా వీధిలో ఆగాయి.

ఇప్పుడు నేను ఒంగోల్లో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటున్నాను. ఆదివారం పొద్దున పళ్లెంలో ఉడికించిన గుడ్డు, పక్కన గ్లాసులో టీ పెడతారు. పాలిపోయిన ఆ సొనను చూసి, ఆ టీ గ్లాసును చూసి, ఒక కోడి ప్రాణాన్ని నాలుగు చెంచాల టీపొడితో కాపాడొచ్చని నమ్మిన ఆ పిల్లను తలుచుకుంటాను. ఇంతలో అత్తయ్య ఫోను వస్తుంది. స్పీకరు పెట్టకపోయినా గదిలో అందరికీ వినబడుతుంది. "హెడ్మిస్ట్రెస్సు ముసలిదైపోయిందే, గుడ్లు మానేసి పెత్తనం మాత్రం చేస్తోంది. ఈ వారం నా గురించి ఏం రాశావ్?"

"కొంచెం రాశానండి."

"చదువు మరి."

గదిలో ముగ్గురమ్మాయిలు తలెత్తి చూస్తుంటారు. నేను గొంతు సవరించుకుని, గట్టిగానే చదువుతాను.