గుర్రం నోట్లో చెయ్యి పెట్టిన రోజు

మా తాతయ్య ఎడ్లబండి వదిలేసి విజయనగరం స్టేషను దగ్గర జట్కా కట్టడం మొదలుపెట్టింది నా చిన్నప్పుడే. తరతరాలుగా ఎడ్లను మేపిన ఇల్లు మాది. ఏ గిత్తకు ఒంట్లో బాగోలేదో నడక చూసి చెప్పేసేవాడు తాతయ్య. అందుకే గుర్రం గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగు కాళ్లు, ఒక తోక, గడ్డి తినే నోరు, ఇంకేం తెలియాలి అనుకున్నాడు కాబోలు. ఎర్ర గుర్రం అది. నన్ను చూస్తే మెడ వంచేది. బడి నుంచి రాగానే దాని మెడ కావిలించుకుని కాసేపు నిలబడితే గాని నాకు ఏమీ తోచేది కాదు.

ఆ ఏడు ఎండాకాలం పచ్చగడ్డి దొరక్క, ఎడ్లకు వేసే వరిగడ్డే దానికీ వేశారు. కొన్నాళ్లకు అది గడ్డి నోట్లో పెట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి కాస్త నమిలి, ముద్దలు ముద్దలుగా కింద రాల్చేయడం మొదలుపెట్టింది. ఉలవలు పెడితే సగం చొంగతో పాటు జారిపోయేవి. డొక్కలు ఎండిపోయాయి. మా నాయనమ్మ దిష్టి తీసింది. తాతయ్యకు మాత్రం అదంతా పొగరులా కనిపించింది. బండి లాగడం ఇష్టం లేక మేత నేలపాలు చేస్తోందని, కళ్లెం పెట్టబోతే తల విసురుతోందని తిట్టేవాడు.

మేత మానిన ఎద్దుకు మా ఇంట్లో ఒకటే వైద్యం. ఉప్పూ పసుపూ కలిపి నాలుక మీద, పెదాల లోపల గట్టిగా రుద్దడం. ఎద్దుకైతే నోరూరి మళ్లీ గడ్డి అందుకుంటుంది. గుర్రానికీ అదే చేశాడు. అది వీధి చివరిదాకా వినబడేలా కేక వేసింది. వెనక కాళ్ల మీద లేచిపోయింది. తాతయ్య కొరడా తిరగేసి, కర్రతో దాని మూతి మీద బాదాడు. నేను అడ్డం పోబోతే నాయనమ్మ రెక్క పట్టుకుని లాగేసింది. అలా రోజూ ఉప్పు రుద్దడం, రోజూ కొట్టడం.

ఒక పొద్దున కళ్లెం తీస్తే ఇనుము మీద నెత్తురు కనబడింది. కళ్లెమే ఎక్కడో కోసిందేమోనని, తోటి బండివాళ్లను తల పట్టుకోమని, నాలుక పక్కకు లాగి, వెనకదాకా చెయ్యి పోనిచ్చాడు తాతయ్య. బయటకు తీసేసరికి ఆయన వేళ్లు చీరుకుపోయి ఉన్నాయి. ఎద్దు నోట్లో అంత లోపలికి వెళ్లాల్సిన పని ఆయనకు ఎన్నడూ పడలేదు. గుర్రం వెనక పళ్ల అంచులు కొడవలి పళ్లలా పెరిగి, రెండు బుగ్గలనూ లోపల కోసేశాయి. ఇన్నాళ్లూ రుద్దిన ఉప్పు కరిగి ఆ పుళ్ల మీదికే దిగింది.

పెద్దవాళ్లు పొరపాటు చేస్తే పిల్లల్ని బయటికి తోలేయడమే నేనెరుగుదును. ఆయన మాత్రం బండివాళ్లను పంపేసి నన్ను దగ్గరికి పిలిచాడు. నా చెయ్యి తీసుకుని గుర్రం బుగ్గ మీద బయట నుంచి ఆనించాడు. వేళ్లు తగిలీ తగలకముందే అది గజగజ వణికిపోయింది.

"సూసినావా గుంటా. పొగరు కాదిది. తినాలనే ఉన్నాది దీనికి, తిననేకపోతన్నాది. నోరు సూడకండా నాను ఉప్పెట్టినాను, కొట్టినాను" అన్నాడు. పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. మా తాతయ్య ఏడవగా చూడడం అదే మొదలు.

పశువుల డాక్టరు వచ్చి పొడుగాటి ఆకురాయితో ఆ అంచులు అరగదీశాడు. గుర్రం వెనక పళ్లు ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటాయని, ఏటా చూపించి అరగదీయించాలని చెప్పాడు. సాయంత్రం అది కాస్త జావ తాగితే గండం గడిచిందని సంబరపడ్డాం. కానీ సరిగ్గా నమలకుండా మింగిన వరిగడ్డి అప్పటికే పేగుల్లో గడ్డకట్టుకుపోయిందట. తెల్లారేసరికి నేల మీద పడి పొర్లుతోంది. మధ్యాహ్నానికి ప్రాణం వదిలేసింది. తాతయ్య దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్లీ బండి కట్టలేదు.

చాలా ఏళ్లకు, పెద్దతనంలో మా అమ్మ అన్నం మానేసింది. కోడలి మీద అలిగిందని ఒకరు, ముసలి చాదస్తమని ఒకరు. శ్రీకాకుళం నుంచి నేను వెళ్లేసరికి మా తమ్ముడు కంచం ముందు పెట్టి ఆమెను కసురుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాణ్ని లేవగొట్టి, అమ్మను వాకిట్లో వెలుతురులోకి తీసుకొచ్చి నోరు తెరవమన్నాను. మా వైపు పెద్ద ఆడవాళ్లు చాలామందిలాగే అమ్మ కూడా నిప్పు నోటి లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చేది. అంగిట్లో పెద్ద పుండు.

"ఇన్నాళ్లూ ఒక్కలూ నోరు సూడనేదే" అంది అమ్మ.

విశాఖ తీసుకెళ్లాం గాని, ఆ పుండు క్యాన్సరై అప్పటికే ముదిరిపోయింది. ఉన్న కొద్ది నెలలూ జావ చల్లార్చి నేనే పోశాను, ఎవరినీ ఆమెను ఒక్క మాట అననివ్వలేదు. ఎవరైనా తిననంటే నాకు ఇప్పటికీ కోపం రాదు, భయం వేస్తుంది.